అవతలి కొస

పళ్ళ డాక్టరు లాండ్రీ అక్క చేతిని లాగిన లాగుడు డాన్సు టీచర్ బొంగరం కళ్ళారా చూసింది. అద్దాల గోడకి ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి ఒకసారి కాదు, రెండుసార్లు చూసినట్టే లెక్క. ఒకటి నేరుగా, ఒకటి అద్దంలో.

స్వింగ్ డాన్సంటే ఇద్దరు చేతులు పట్టుకుని జాజ్ పాటకి ఆడేది. ఒకరు నడిపిస్తారు, ఇంకొకరు అందుకుంటారు. నడిపించే మనిషి చేత్తో కబురు పంపాలి, అవతలి మనిషి ఆ కబురు అందుకుని తిరగాలి. కబురు పంపడం ఆలస్యమైతే ఆ మెలిక, అంటే ఆ తిప్పుడు, అక్కడే వదిలేసి ఇంకోటి ఆడుకోవాలి. ఇది మొదటివారం పాఠం. పళ్ళ డాక్టరు వదల్లేదు. పాట ముందుకి వెళ్ళిపోయాక మెలిక గుర్తొచ్చి, అప్పటికే అటు అడుగేసేసిన మనిషిని మణికట్టు దగ్గర దొరకబుచ్చుకుని, ఇరుక్కుపోయిన సొరుగుని లాగినట్టు లాగాడు. లాండ్రీ అక్క భుజం ముందొచ్చింది, ఒళ్ళు తర్వాత వచ్చింది. "అమ్మా!" అని భుజం పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

అన్నయ్య పాట ఆపాడు. డాన్సు స్కూలు అతనిదే. స్టూడెంట్లందరికీ మాస్టారు, బొంగరానికి సొంత అన్నయ్య. చిన్నప్పుడు ఆమెకి చేతులు పట్టి అడుగులు నేర్పిందీ, తిరుగుతూ తిరుగుతూ గోడకి గుద్దుకుంటే బొంగరం అని పేరు పెట్టిందీ అతనే.

"ఏమైందండీ?"

"చెయ్యి లాగేశారు మాస్టారూ," అంది లాండ్రీ అక్క.

"లాగడమేంటండీ?" పళ్ళ డాక్టరు చుట్టూ చూసి నవ్వాడు. "నేను తిప్పుతున్నాను, ఆవిడ రావట్లేదు. గోడని తిప్పినట్టుంది."

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. లాండ్రీ అక్కకి యాభై దాటాయి, పుష్టిగా ఉండే మనిషి. పెద్దాసుపత్రి లాండ్రీలో పని. వచ్చి ఎనిమిది నెలలే అయినా క్లాసులో ఆవిడంత బాగా అందుకునేవాళ్ళు లేరని అన్నయ్యకీ తెలుసు, చెల్లెలికీ తెలుసు. అందుకే శనివారం జరగబోయే స్కూలు వార్షికోత్సవంలో పళ్ళ డాక్టరు పక్కన ఆవిడని నిలబెట్టారు. ఎలా నడిపించినా ఆవిడైతే సర్దుకుంటుందని. ఆ వార్షికోత్సవానికి హాలు ఇప్పించింది పళ్ళ డాక్టరే.

"బొంగరం, నువ్వు అక్కడే ఉన్నావుగా," అన్నాడు అన్నయ్య. "ఏం జరిగిందో చెప్పు."

అడగడం మామూలుగానే అడిగాడు. కళ్ళు మాత్రం హాలు, హాలు అన్నాయి.

బొంగరం లాండ్రీ అక్క దగ్గరికి వెళ్ళి, ఏదో పరీక్ష చేస్తున్నట్టు ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని మెల్లిగా ఊపింది. ఆ చెయ్యి ఎప్పటిలాగే ఉంది. వెచ్చగా, మెలకువగా, ఎటు కదిపితే అటు వినడానికి సిద్ధంగా.

"కొంచెం బరువుగా ఉన్నావక్కా," అంది బొంగరం. "ఇంకాస్త తేలిగ్గా ఉండాలి."

డాన్సులో బరువంటే చేతిలో ఉండే బరువు. ఒంటి బరువు కాదు. కానీ ఆ గదిలో ఆ మాట ఎవరి చెవికీ అలా ఎక్కలేదు. లాండ్రీ అక్క తల ఊపింది. గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుని ఎడం చేత్తోనే బూట్లు విప్పుకుంది, అడుగుభాగాలు గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంది. "వస్తానండీ," అని అందరికీ కలిపి ఒకసారి చెప్పి వెళ్ళిపోయింది.

క్లాసయ్యాక బొంగరం నేల తుడవడానికి కూర్చుంది. చెక్కనేల మీద జారకుండా చల్లిన పొడి, చెమట బొట్లు కలిసి బంకబంకగా తయారవుతాయి. దాన్ని రోజూ గీకాలి. ఇదివరకు ఈ వాసన ఆమెకి ఇష్టంగా ఉండేది. ఇప్పుడు అదంటే వెగటు. ముప్ఫైమంది అరిచేతులు పట్టుకున్న తన అరిచేతులంటే వెగటు. దవడలు నొప్పెట్టేదాకా మొహానికి అంటించుకుని తిరిగే నవ్వంటే వెగటు. కింద పెట్టిన స్పీకరులోంచి ట్రంపెట్ మొదలైతే చాలు, ఎవరో చెవిలో చెంచాతో గీకుతున్నట్టుంటుంది.

"బాగా సర్దేశావే," అన్నాడు అన్నయ్య కిటికీలు మూస్తూ. "నాకు గుండె జారిపోయిందనుకో."

బొంగరం తలెత్తకుండా నేల గీకింది. నోరు తెరిస్తే మాట కాకుండా ఇంకేదైనా బయటికొస్తుందేమోనని భయమేసింది.

*

మంగళవారం కొత్తవాళ్ళ క్లాసు. పది జంటలు వలయంగా నిలబడ్డాయి. బొంగరం మధ్యలో నిలబడి అడుగులు చెప్పింది, చప్పట్లు కొట్టింది, భాగస్వాముల్ని మార్చింది. సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో తన నోరు తనంతట తనే తెరుచుకుని, "అది మీ జోడీ చెయ్యండీ, బస్సులో పట్టుకునే కమ్మీ కాదు!" అంది. అందరూ నవ్వారు. ప్రతి బ్యాచీ ఇక్కడే నవ్వుతుంది. నవ్వు అయ్యేదాకా ఆగడానికి ఎంతసేపు కావాలో కూడా ఆమెకి తెలుసు. అంతసేపూ ఆగింది. అద్దంలో పళ్ళు బయటపెట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని చూసి ఛీ అనిపించింది.

తర్వాత వార్షికోత్సవం ప్రాక్టీసు. పళ్ళ డాక్టరు పక్కకి అన్నయ్య కాలేజీ అమ్మాయిని తెచ్చాడు. సన్నగా, చురుగ్గా ఉండే పిల్ల. డాన్సంటే ప్రాణం. చాన్సు వచ్చిందని ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. పాట మొదలైంది. అదే మెలిక, అదే ఆలస్యం, అదే లాగుడు. ఈసారి తిరిగే మనిషి తేలిక కాబట్టి విసురుకి రెండడుగులు ఎక్కువ వెళ్ళి స్తంభం దగ్గర ఆగింది. పళ్ళు కనపడేలా నవ్వి, వెనక్కి పరిగెత్తుకొచ్చి మళ్ళీ చెయ్యి అందించింది.

"చూశారా, ఎంత తేడానో!" అన్నాడు పళ్ళ డాక్టరు.

"సూపర్," అన్నాడు అన్నయ్య.

నీళ్ళ విరామంలో కాలేజీ అమ్మాయి చొక్కా చేతుల్ని వేళ్ళదాకా కిందికి లాక్కుంటూ కనిపించింది. ఉక్కపోతలో అందరూ చేతులు పైకి మడుచుకుంటుంటే ఈ పిల్ల కిందికి లాక్కుంటోంది.

"ఏదీ, చెయ్యి చూపించు," అంది బొంగరం.

"ఏం లేదు టీచర్."

"చూపించమ్మా."

మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళు, బొటనవేలు ఎర్రగా తేలి ఉన్నాయి. ఐదూ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

"ఆయనతో చెప్పావా, గట్టిగా పట్టుకోవద్దని?"

"లేదు టీచర్. ఆయన తప్పేం లేదు," అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ. "నేనే కొంచెం బరువుగా ఉన్నానేమో. రాత్రిపూట తినడం మానేశాను. శనివారానికల్లా సెట్టయిపోతుంది."

బొంగరం బాత్రూములోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. కుళాయి తిప్పి నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది. తను నిన్న ఊసిన మాట ఇవాళ ఇంకో పిల్ల నోట్లోంచి, అంత నమ్మకంగా, అంత మర్యాదగా బయటికొచ్చింది. పక్కవాళ్ళు నమిలి పారేసింది ఎవరో తీసి నోట్లో వేసుకుంటుంటే చూసినట్టు ఒళ్ళంతా జలదరించింది.

బయటికొచ్చేసరికి రిజిస్టరు ముందు కూర్చున్న వదిన తలెత్తింది. "ఏంటే, చేదుమాత్ర నమిలినట్టు ఆ మొహమేంటి?"

"ఏం లేదు వదినా."

"లాండ్రీ అక్క ఫోన్ చేసింది. ఇంక రాదట, పేరు కొట్టేయమంది."

"నన్ను తిట్టిందా?"

"నిన్నా? నిన్నెందుకు తిడుతుంది? టీచర్ని అడిగానని చెప్పమంది."

తిట్టినా బావుండేదనుకుంది బొంగరం.

*

బుధవారం మధ్యాహ్నం పెద్దాసుపత్రి వెనకవైపు గేటు దగ్గర అడిగితే, కాపలాదారు వేలు కూడా ఎత్తకుండా గడ్డంతోనే దారి చూపించాడు. లాండ్రీ ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. సోడా వాసన, క్లోరిన్ ఘాటు, వాటికింద వాటికి లొంగని ఆసుపత్రి వాసన. గుమ్మం పక్కన మూతులు కట్టిన సంచులు గుట్టగా పడున్నాయి. ఒక సంచి అడుగున గోధుమరంగు మరక ఊరి ఆరిపోయి ఉంది. బొంగరం చీదరగా మొహం తిప్పుకుని లోపలికి నడిచింది.

లోపల గుండ్రటి మిషన్లు గోడవారగా వరసగా దబదబలాడుతున్నాయి. హాలు మధ్యలో పెద్ద రోలరు. తడి దుప్పటి ఒకవైపు మింగి, రెండోవైపు వేడివేడిగా, చదునుగా కక్కుతోంది. ఆ వైపున లాండ్రీ అక్క ఒక్కతే నిలబడి దుప్పట్లు అందుకుంటోంది. కుడిభుజం చుట్టూ అడ్డంగా వెడల్పాటి బ్యాండేజీ కట్టు. ఎడం చేత్తో కొస పట్టుకుని, గడ్డం కింద నొక్కిపెట్టి, ఒంటరిగా మడతపెట్టాలని చూస్తోంది. ఒకటి మడిచేలోపు రోలరు రెండు కక్కుతోంది.

"అక్కా!" అని అరిచింది బొంగరం.

లాండ్రీ అక్క తిరిగి చూసింది. ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు, కోప్పడలేదు.

"అక్కా, నేను మొన్న..."

"ఏమీ వినపడదు టీచర్ ఇక్కడ. నా జోడీ ఇవాళ రాలేదు. ఆ కొస పట్టుకోండి ముందు!"

బొంగరం చేతిసంచి కిటికీలో పెట్టి కొసలు పట్టుకుంది. వేళ్ళు చుర్రుమన్నాయి. దుప్పటి వాళ్ళిద్దరి మధ్యా ఉయ్యాలలా వదులుగా వేలాడింది.

"బిగించండి," అంది లాండ్రీ అక్క.

బొంగరం లాగింది. లాండ్రీ అక్క చెయ్యి ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. ఆవిడ మొహం చిట్లించి భుజం పట్టుకుంది.

"అయ్యో!"

"లాగకండి. నేను ఎంత వెనక్కి వాలితే మీరూ అంతే వాలండి. గుడ్డ చెప్తుంది, వినండి."

రెండోదానికి బొంగరం భయంతో పట్టు వదిలేసింది. మధ్యలో గుడ్డ కుప్పకూలింది. "అలా వదిలేస్తే ఎలాగండీ? అవతల మనిషి లేనట్టుంది," అంది లాండ్రీ అక్క. మూడోది కాస్త నయం. నాలుగోదానికి మూలలు కలవలేదు. ఐదోది మళ్ళీ విప్పి మడిచారు. పన్నెండేళ్ళుగా వందలమందికి చేతిలో ఎంత బిగువు ఉండాలో నేర్పిన మనిషి ఒక దుప్పటి మడవలేక చెమటలు కక్కింది.

ఎన్నోదానికో ఆమె లెక్క మర్చిపోయింది. కొసలు అందుకోవడం, వెనక్కి వాలడం. గుడ్డ నిడివంతా బిగిసి, గీతలా అయ్యి, ఒక్క క్షణం అలా నిలబడుతోంది. ఆ క్షణంలో అవతల నిలబడ్డ మనిషి పాదాలు నేలమీద ఎక్కడ ఆనుతున్నాయో, ఏ భుజం నొప్పిగా ఉందో, ఇప్పుడు ముందుకొస్తుందో ఆగుతుందో, అన్నీ వేళ్ళలోకి వచ్చేస్తున్నాయి. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి ముందుకి నడుస్తున్నారు. కొసలు కొసలు కలిసి, వేళ్ళు వేళ్ళకి తగిలి, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారి, కిందికి జారిన మడత మోకాళ్ళ దగ్గర దొరికి, మళ్ళీ వెనక్కి. ఎవరూ ఎవరికీ చెప్పట్లేదు. మిషన్ల దబదబకి పాదాలు వాటంతటవే రెండు చిన్నడుగులు, ఒక పెద్దడుగు వేస్తున్నాయి. ఒకసారి వెనక్కి వాలినప్పుడు లాండ్రీ అక్క ఇంకాస్త, ఇంకాస్త వాలింది. బొంగరమూ వాలింది. ఆ బిగువు చేతుల్లోంచి వీపులోకి, వీపులోంచి నడుములోకి దిగి, నడుము తనంతట తనే తిరిగింది. దుప్పటి తాడులా మెలిపడింది.

బొంగరం గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. అది నవ్వని ఆమెకి కాసేపటిదాకా తెలీలేదు.

"దాన్ని మళ్ళీ ఇస్త్రీ చెయ్యాలి ఇప్పుడు," అంది లాండ్రీ అక్క. ఆవిడా నవ్వుతోంది.

రోలరు ఆపేసి భోజనానికి గంట కొట్టాక గాని మాట వినపడలేదు. ఇద్దరూ మడతల బండి మీద ఆనుకున్నారు.

"అక్కా, తప్పు ఆయనది. ఆలస్యంగా పట్టుకుని లాగాడు. నేను చూశాను. చూసి అబద్ధం చెప్పాను."

"తెలుసు టీచర్."

"తెలుసా?"

"మీరు చూశారని అద్దంలో నాకు కనపడింది." లాండ్రీ అక్క కట్టు సర్దుకుంది. "ఆయన లాగినందుకు నేను మానెయ్యలేదు. మొగుళ్ళూ మేస్త్రీలూ ఇంతకన్నా గట్టిగా లాగారు. మీరు నా చెయ్యి పట్టుకుని మరీ ఆ మాట అన్నారు చూడండి, అందుకు మానేశాను. చేతికి అబద్ధం రాదని మీరే కదా నేర్పింది?"

బొంగరం తలొంచుకుంది. "క్షమించక్కా" అన్న మాట నాలుక మీద ఉంది. అంత చిన్నమాట బయటపెట్టడానికి సిగ్గేసింది.

"ఇక్కడ నాతో చెప్తే ఏం లాభం?" అంది లాండ్రీ అక్క, బండిని తోస్తూ. "నాకు తెలిసిందే కదా."

*

గురువారం ప్రాక్టీసుకి అందరూ వచ్చారు. పాట మొదలైంది. కాలేజీ అమ్మాయి మణికట్టుకి రంగుల బ్యాండు పెట్టుకుంది. మెలిక వచ్చింది, ఆలస్యమైంది, పళ్ళ డాక్టరు లాగాడు. బొంగరం వెళ్ళి స్పీకరు తీగ పీకేసింది.

ఉన్నట్టుండి వచ్చిన నిశ్శబ్దంలో అందరి బూట్లూ ఒకేసారి ఆగిన చప్పుడు వినపడింది.

"సోమవారం లాండ్రీ అక్క బరువుగా లేదు," అంది బొంగరం. "డాక్టరుగారు ఆలస్యంగా లాగారు. ఆవిడ భుజం బెణికింది. నేను చూశాను. చూసి, ఆవిడదే తప్పని అందరి ముందూ చెప్పాను. ఇప్పుడు ఈ పిల్లది కూడా బరువు కాదు. ఆయనది లాగుడు."

పళ్ళ డాక్టరు మొహం ఎర్రబడింది. "ఏంటి మాస్టారూ ఇది? ఇంతమందిలో నన్ను నిలబెట్టి..."

"బొంగరం, లోపలికి రా," అన్నాడు అన్నయ్య.

"ఇక్కడే చెప్పన్నయ్యా. నాకు తెలియక అడుగుతున్నాను. నువ్వు చూడలేదా?"

అన్నయ్య స్పీకరు తీగ కొస చేతిలోకి తీసుకుని, పిన్ను వంగిందేమోనన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. తన చేతులు పట్టి అడుగులు నేర్పిన ఆ చేతులు వైరుతో ఆడుకుంటుంటే చూడలేక బొంగరం కళ్ళు దించుకుంది. అతనూ చూశాడు. మొదటిరోజే చూశాడు. చూసినమాట తన నోటితో అనకుండా చెల్లెలి నోరు వాడుకున్నాడు. సోమవారం నుంచి పట్టుకున్న వెగటుకి సగం కారణం ఇప్పుడర్థమైంది.

"హాలు సంగతి ఆలోచించుకోండి మరి," అన్నాడు పళ్ళ డాక్టరు.

"నేను ఈయనతో ఆడను మాస్టారూ," అంది కాలేజీ అమ్మాయి. చాలా మెల్లిగా అంది. బ్యాండు తీసి జేబులో పెట్టుకుంది. ఆ ఎర్రటి మచ్చలు అప్పటికి నీలంగా మారాయి. పక్కనున్న ఇద్దరు వంగి చూశారు. ఒకావిడ "అబ్బా!" అంది. ఇంకొకావిడ తన మణికట్టు తను తడుముకుంటూ, "నాకూ పోయిన నెల..." అని ఆగిపోయింది.

పళ్ళ డాక్టరు కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. హాలు కూడా వెళ్ళిపోయింది. శనివారం వార్షికోత్సవం స్కూలు గదిలోనే, కుర్చీలు చాలక సగంమంది నిలబడి ఉండగా జరిగిందని వదిన ఫోన్ చేసి చెప్పింది. బొంగరం వెళ్ళలేదు. స్కూలు తాళంచెవులు గురువారమే రిజిస్టరు మీద పెట్టేసి వచ్చింది.

"మీ అన్నయ్య మాట్లాడట్లేదు," అంది వదిన. "నాతో కూడా. ఆ చెక్కనేల మాత్రం తనే గీక్కుంటున్నాడు."

*

సోమవారం లాండ్రీ భోజనాల గంటకి బొంగరం వెనకగేటు దగ్గరికి వెళ్ళింది. ఎందుకొచ్చావంటే చెప్పడానికి ఆమె దగ్గర కారణం లేదు. కాపలాదారు అడగనూ లేదు.

ఆరేసిన అప్రాన్ల వెనకాల, సిమెంటు గచ్చు మీద ఐదారుగురు ఆడవాళ్ళు జంటలుగా ఊగుతున్నారు. బోర్లించిన బకెట్టు మీద ఫోను పాడుతోంది. అడుగులు తప్పు. ఒకావిడ చెప్పులు విడిచి, ఒకావిడ రబ్బరు బూట్లతోనే. ఒకరి కాలు ఒకరు తొక్కుకుని, తిట్టుకుని, మళ్ళీ పట్టుకుంటున్నారు. లాండ్రీ అక్క ఎడం చేత్తో ఒకావిడని నడిపిస్తోంది. స్కూల్లో ఆవిడకి నడిపించడం ఎవరూ నేర్పలేదు.

"వచ్చారా! పట్టండి," అని చెయ్యి చాపింది.

"నేను నడిపించనా?"

"మీకు తెలిసిందేగా అది. ఊరికే రండి."

బొంగరం ఆవిడ చెయ్యి అందుకుంది. మొదటి బిగువు రాగానే ఒళ్ళు అలవాటుగా తర్వాతి తిప్పుడుకి సిద్ధమైపోయి తిరిగేసింది.

"నేనింకా అడగలేదు," అంది లాండ్రీ అక్క. "ఆగండి."

బొంగరం ఆగింది. ఆగడం ఎంత కష్టమో! కాళ్ళు తహతహలాడాయి. పాట నాలుగడుగులు వెళ్ళిపోయింది. ఏమొస్తుందో తెలీదు. అప్పుడు లాండ్రీ అక్క చెయ్యి, తడిబట్ట దులపబోయేముందు లేచినట్టు, మెల్లిగా లేచింది. ఒక అల వచ్చి బొంగరం మోచేతిని, మెడని, మడమల్ని ఎత్తింది. ఎటు తిరిగిందో ఆమెకి తెలీలేదు. అప్రాన్లు, గోడ, రబ్బరు బూట్లు, ఆకాశం అన్నీ కలిసి ఒక చుట్టు చుట్టాయి. ఆగి చూసుకునేసరికి వీపు లాండ్రీ అక్క వైపుకి, మొహం ఒక తడి అప్రానులోకి ఉంది. పాటతో ఎక్కడా కలవలేదు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. బొంగరం కూడా ఆ తడిబట్టలోనే, ఊపిరాడక, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఏంటక్కా అది? ఏం చేశావు?" మొహం తుడుచుకుంటూ అడిగింది. "నా జన్మలో చూడలేదు."

"ఏమో టీచర్, నాకూ తెలీదు," అంది లాండ్రీ అక్క, మళ్ళీ చెయ్యి చాపుతూ. "ఇంకోసారి చేసి చూద్దాం, పట్టండి."